సొంతంగా చేసుకున్న బందుల జిగ్గు: చేసి అమ్మితే నిలబడుతుందా?

కోదాడ వడ్రంగి
అందరికీ నమస్కారం. నాది వడ్రంగి పని, ఊరు కోదాడ. ఇళ్ల దగ్గర దర్వాజాలు (తలుపు చుట్టూ గోడలో బిగించే చట్రాలు), తలుపులు ఎక్కువగా చేస్తాను. తలుపును దర్వాజాకు పట్టే బందులు కూర్చోవడానికి గాడి కొట్టడం ఎంత తలనొప్పో మన పనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మూడు బందులంటే దర్వాజాకు మూడు, తలుపుకు మూడు, మొత్తం ఆరు గాడులు. ఉలితో కొడితే గంట పైనే పడుతుంది. టేకు నార అడ్డం తిరిగిన చోట పెచ్చు లేస్తుంది, ఒక్క గాడి లోతు కాస్త ఎక్కువైనా తలుపు బిగపడుతుంది, వానాకాలం రాగానే ఓనర్ ఫోన్ చేస్తాడు. తలుపునైతే బల్ల మీద పెట్టి ట్రిమ్మర్‌తో, అంటే చేత్తో పట్టుకుని చెక్క తొలిచే చిన్న మిషన్‌తో కొట్టుకోవచ్చు. దర్వాజా అలా కాదు, మనం వెళ్లేసరికి గోడలో బిగించి ప్లాస్టరింగ్ కూడా అయిపోయి ఉంటుంది, జి-క్లాంపు పట్టడానికి చోటే ఉండదు. జిగ్గు అంటే మిషన్ దారి తప్పకుండా పట్టి ఉంచే అచ్చు, నేను కొనిచూసినవి మేకో స్క్రూనో కొట్టి నిలబెట్టేవి. పాలిష్ పట్టే టేకు మీద ఆ చిల్లులు ఎవరు ఒప్పుకుంటారు?

అందుకని నేనే ఒకటి చేసుకున్నాను. హైలం షీటు (రెసిన్‌తో చేసిన గట్టి పలక) ప్లేటు, మధ్యలో బందు సైజుకు కిటికీ, అంచుకు అల్యూమినియం యాంగిల్. ప్లేటు వెనక పైన ఒక రాడ్డు, కింద ఒక రాడ్డు. ఆ రెండూ వెళ్లి ద్వారంలో ఎదుటి నిలువు చెక్కకు తన్నిపెట్టి నిలబడతాయి, చివర రబ్బరు ఉంటుంది కాబట్టి మరక పడదు. గుండీ తిప్పితే రాడ్డు సాగి బిగుస్తుంది, రెండింటి మధ్యలో ట్రిమ్మర్ ఆడేంత ఖాళీ ఉంటుంది. మేకు లేదు, క్లాంపు లేదు. దర్వాజా అయ్యాక అదే ప్లేటు తలుపు అంచుకు పెట్టుకుంటే గాడులు సరిగ్గా జతపడతాయి. ఆరు గాడులూ కలిపి పావుగంట, ఇరవై నిమిషాల్లో అయిపోతాయి.

చూసిన మేస్త్రీలు నాకొకటి చేసిపెట్టు అంటున్నారు, తెలిసినవాళ్లకు కొన్ని ఇచ్చాను కూడా. సామాను ఖర్చు హైలం కోతతో కలిపి 380, యాంగిల్, రాడ్లు 260, గుండీలు, బోల్టులు 120, ట్రిమ్మర్‌కు పెట్టే కోత బిట్ 350. 1,200కు ఇద్దామని ఆలోచన. దీన్ని చిన్న వ్యాపారంగా చేస్తే నిలబడుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

సత్తెనపల్లి హార్డ్‌వేర్
తమ్ముడూ, 1,200 అనే మాట ఇంకెవరికీ చెప్పకు. నీ లెక్క ప్రకారం సామానే 1,110 అయింది. చేసే టైముకు కూలి ఎవరిస్తారు? నా కౌంటర్‌లో పెట్టాలంటే నాకు 25 శాతమైనా మిగలాలి, పైగా కొత్త సరుకు కాబట్టి అమ్ముడుపోయాకే డబ్బు ఇస్తాను. షాపుల వాళ్లందరూ ఇదే చెబుతారు, ఇందులో ఎవరి తప్పూ లేదు, మా డబ్బు ఇప్పటికే పెయింట్లలో, ప్లైవుడ్‌లో ఇరుక్కుని ఉంటుంది. ఒక మాట మాత్రం నిజం. తలుపు పని చేసే వడ్రంగులు వారంలో రెండుసార్లయినా మా షాపుకు వస్తారు. చేతిలో పెట్టి చూపిస్తే కొనే వస్తువు ఇది, పెట్టెలో మూసిపెడితే కదలదు. షాపులో దర్వాజా ముక్క ఒకటి నిలబెట్టి దానికి జిగ్గు బిగించి ఉంచు, మిగతాది కొనేవాళ్లే మాట్లాడుకుంటారు.

పెద్ద మేస్త్రీ, తెనాలి
నలభై ఏళ్లుగా ఉలి పట్టినవాణ్ణి. ఆలోచన బాగుంది నాయనా, ఎదుటి చెక్కకు తన్నిపెట్టడం మంచి ఉపాయం. అయితే నాలుగు సంగతులు అడుగుతా. కొత్త గోడలో దర్వాజా ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు రాడ్డు గట్టిగా బిగిస్తే నిలువు చెక్క బయటికి ఒరుగుతుందా? ప్లాస్టరింగ్ అయ్యాక ఫర్వాలేదు కానీ, దర్వాజాను గోడకు పట్టే ఇనుప హోల్డ్‌ఫాస్ట్‌లకు సిమెంటు పెట్టిన మర్నాడే వాడే తొందరగాళ్లు ఉంటారు. రెండోది, పాత ఇళ్లల్లో రెండు నిలువు చెక్కలూ సమాంతరంగా ఉండవు, పైన మూడడుగులుంటే కింద మూడడుగుల పావంగుళం. అప్పుడు నీ రాడ్డు ఏటవాలుగా తన్ని జారుతుంది. మూడోది, ట్రిమ్మర్ నిమిషానికి ముప్పై వేల చుట్లు తిరిగే మిషను, మధ్యలో గుండీ వదులైతే చేతి వేళ్ల సంగతేమిటి? నాలుగోది కుర్రాళ్లు గాగుల్స్ పెట్టుకోరు. ఇవన్నీ చూసుకున్నాకే అమ్మకం మాట ఎత్తు. నీ చేతిలో ఎప్పుడూ బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే ఎక్కడ మొరాయిస్తుందో నీకు తెలుసు. కొన్నవాడికి తెలియదు.

లేజర్ కటింగ్, బాలానగర్
మేస్త్రీ గారు అడిగినదానికి తోడు నాదొకటి. కిటికీ కోత ఏ లెక్కన పెట్టావు అన్నా, ట్రిమ్మర్ అడుగున బిగించే గైడ్ బుష్ గొట్టం లెక్కనా, బిట్‌కే తిరిగే చక్రం ఉండే బేరింగ్ బిట్ లెక్కనా?

కోదాడ వడ్రంగి
గైడ్ బుష్ లెక్కనే తమ్ముడూ. బుష్ బయటి వ్యాసం 10 మి.మీ., బిట్ 6 మి.మీ. కాబట్టి ఒక్కో వైపు 2 మి.మీ. తేడా. కిటికీని నిలువులో బందుకంటే 4 మి.మీ. ఎక్కువ, వెడల్పులో వెనక వైపు మాత్రమే 2 మి.మీ. ఎక్కువ పెట్టాను, ముందు వైపు ఎలాగూ తెరిచే ఉంటుంది కదా.

మేస్త్రీ గారూ, రాడ్డు చివర బంతి జాయింటు పెట్టాను, ఏటవాలు కొంతవరకు తట్టుకుంటుంది. పచ్చి దర్వాజా సంగతి మీరన్నది నిజం. ప్లాస్టరింగ్ కాకముందు వాడొద్దని ప్లేటు మీదే తెలుగులో చెక్కిస్తాను. గుండీకి లాక్ నట్టు ఉంది. గాగుల్స్ బొమ్మ కూడా పక్కనే వేయిస్తాను.

లేజర్ కటింగ్, బాలానగర్
అదే నా అనుమానం. నీ ట్రిమ్మర్‌కు బుష్ సరిపోయింది, కొనేవాడి ట్రిమ్మర్ వేరే కంపెనీదైతే బేస్ ప్లేటు చిల్లులు కలవవు. ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. బుష్ పట్టక ఊరికే పక్కన పడేస్తే జిగ్గు మంచిది కాదనే పేరు నీకే వస్తుంది. బేరింగ్ ఉన్న బిట్ అయితే ఏ మిషన్‌కైనా పడుతుంది, అప్పుడు కిటికీ అచ్చంగా బందు సైజే పెట్టొచ్చు, తేడా లెక్కలు అక్కర్లేదు.

కానీ ప్లేటు మందం చూసుకోవాలి. నీది 10 మి.మీ. అనుకుంటా. బందు రేకు 3 మి.మీ. అంటే బిట్ ప్లేటు పైనుంచి మొత్తం 13 మి.మీ. దిగాలి. బ్లేడు పొడవు 12 ఉన్న బిట్ పెడితే బేరింగ్ ప్లేటుకు ఒక్క మిల్లీమీటరే ఆనుతుంది, అది జారితే గాడి పోయినట్టే. ప్లేటు 12 మి.మీ. పెట్టి, బ్లేడు పొడవు 10 ఉన్న పొట్టి బిట్ వాడితే బేరింగ్ అంచు మీద 5 మి.మీ. కూర్చుంటుంది. అదీ గట్టి పద్ధతి. బేరింగ్ బిట్ లావు కాబట్టి మూలలు ఎక్కువ గుండ్రంగా వస్తాయి, వాటిని ఉలితో చదరం చేసుకోవాలి. ఇంకోటి, హైలం లేజర్‌తో కోయించకు, అంచు మాడుతుంది, వాసన వస్తుంది. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ రౌటర్ మీద కోయించు. ఎవరైనా అక్రిలిక్ చవక అని చెప్పినా వినొద్దు. బిట్ వేడికి అంచు కరుగుతుంది, కింద పడితే పగులుతుంది.

గుంటూరు ఇంటీరియర్స్
నిరుత్సాహపరచాలని కాదు కానీ చెప్పాల్సింది చెబుతాను. మేం చేసే అపార్ట్‌మెంట్లలో డోర్లు ఫ్రేముతో సహా ఫ్యాక్టరీ నుంచే వస్తున్నాయి, బందుల గాడి అక్కడే మిషన్ మీద కొట్టేస్తున్నారు. ఫ్రేములు డబ్ల్యూపీసీ, అంటే చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసినవి. సైట్‌లో ఉలి తీసే పనే తగ్గిపోయింది. వార్డ్‌రోబ్‌లకైతే 35 మి.మీ. కప్పు బందులు, వాటి జిగ్గు ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే వస్తోంది. ఈ వస్తువు ఐదేళ్ల తర్వాత ఎవరు కొంటారో ఆలోచించు. బాగా పోయిందంటే ఆర్నెల్లలో దిగుమతి నకలు సగం ధరకు వస్తుంది.

ఆలేరు నేతన్న
గుంటూరు అన్నా, మీరు చూసేది అపార్ట్‌మెంట్లు. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు సొంత ఇల్లు కట్టుకునేవాళ్లు సింహద్వారం టేకుతో ఊళ్లోనే చేయిస్తారు, అది ఇప్పట్లో ఆగదు.

మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఆసు పని చూడనివాళ్లకు దాని బాధ తెలియదు. చీర నేయడానికి ముందు దారాన్ని కొయ్యల చుట్టూ చేత్తో తిప్పాలి, ఒక్క చీరకు వేల సార్లు చెయ్యి అటూ ఇటూ పోవాలి. భుజాలు పడిపోయేవి, ఆడవాళ్లే చేసేవారు. చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ లక్ష్మి గారి భుజాల నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి 1999కి యంత్రం పూర్తి చేశారు. అమ్మ పేరు మీదే లక్ష్మీ ఆసు యంత్రం అయింది. నాలుగైదు గంటల ఆసు గంటన్నరకు వచ్చింది. చదివింది ఆరో తరగతి వరకే. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఇక్కడ మనకు పనికొచ్చేది అవార్డు కాదు. ఆయన యంత్రం కొన్నది మాలాంటి నేత ఇళ్లవాళ్లే, పక్కింట్లో తిరుగుతుంటే కళ్లారా చూసి కొన్నారు. బయట అలాంటి వస్తువు ఇంకొకటి లేదు, ఎందుకంటే బయటివాళ్లకు ఆసు అంటేనే తెలియదు. కోదాడ అన్న జిగ్గుదీ అదే బలం. గోడలో బిగించిన దర్వాజా దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నవాడికి తప్ప ఆ రెండు రాడ్ల అవసరం ఇంకెవరికీ తట్టదు.

మల్లేశం గారికి పల్లె సృజన అనే స్వచ్ఛంద సంస్థ తోడు నిలిచింది, హైదరాబాద్‌లోనే ఉంటుంది, బ్రిగేడియర్ గణేశం గారు నడుపుతారు. వాళ్లను కలువు అన్నా. ఊళ్లలో సొంతంగా పనిముట్లు చేసేవాళ్లను వెతుక్కుంటూ వాళ్లే తిరుగుతారు.

ఖమ్మం పద్దులు
నేను అకౌంట్ల పని చేస్తాను. ధర మాట ముందు తేల్చుకుందాం, ఎందుకంటే చాలామంది చేతిపనివాళ్లు ఇక్కడే మునుగుతున్నారు.

ఎమ్మార్పీ 2,400 పెట్టావనుకో, చూడటానికి నీ ఖర్చుకు రెట్టింపు పైనే కనిపిస్తుంది. అందులో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది కాబట్టి అసలు ధర 2,034. అందులో షాపుకు 25 శాతం అంటే 508. నీ చేతికి వచ్చేది 1,525 దాకా. సామాను 1,110, రెండు గంటల పనికి రోజుకూలి లెక్కన ఓ 300, ప్యాకింగు, రవాణా 100. మొత్తం 1,510. అంటే 2,400కు అమ్మినా ఒక్కో జిగ్గు మీద మిగిలేది పదిహేను రూపాయలు! సామాను బిల్లుల మీద కట్టిన పన్ను కొంత వెనక్కి వస్తుంది, అది వేరే లెక్క. బిట్ తీసేసి, దాన్ని షాపులోనే విడిగా కొనుక్కోమంటే నీ ఖర్చు 1,160 అవుతుంది, మిగులు 365. నా సలహా ఇదే. బిట్ మీద లాభం షాపు వాడికి వదిలెయ్, అతనికీ నీ జిగ్గు అమ్మాలనే ఆసక్తి పెరుగుతుంది.

జీఎస్టీ ఎందుకు, చిన్న వ్యాపారమే కదా అంటావేమో. తెలంగాణలో సరుకులకు కూడా 20 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఆంధ్రలో 40 లక్షలు. కానీ నువ్వున్నది కోదాడ. గట్టిగా పావుగంట పోతే బోర్డరు, అవతల జగ్గయ్యపేట. రాష్ట్రం దాటించి సరుకు అమ్మితే టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చిన్న వ్యాపారులకు ఉండే కాంపోజిషన్ స్కీములో చేరితే ఒక్క శాతమే కడతావు కానీ వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. విజయవాడ, గుంటూరు వదులుకుని కోదాడలో కూర్చుంటావా? కాబట్టి మామూలు రిజిస్ట్రేషనే తీసుకో. చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ కూడా చేయించు, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకు. పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి, తూనికలు కొలతల శాఖ వాళ్లు ఇవే చూస్తారు.

వరంగల్ టైలరింగ్
పద్దులు అన్న చెప్పిన లెక్క కాగితం మీద రాసి గోడకు అతికించుకో అన్నయ్యా. నేను జాకెట్ కటింగ్‌కు అట్టతో అచ్చులు చేసుకునేదాన్ని, మెడ, చంక, చెయ్యి సైజుల వారీగా. నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు అడిగితే అక్రిలిక్‌లో కోయించి సెట్లుగా అమ్ముతున్నాను. షాపుల్లో పెట్టలేదు, ఆ 25 శాతం నాకే మిగులుతోంది. టైలరింగ్ నేర్పే సెంటర్లకు వెళ్లి అక్కడే కట్ చేసి చూపిస్తాను. మీకు మేస్త్రీలు ఉండే వాట్సాప్ గ్రూపులు, టింబర్ డిపోలు అలాంటివే. డిపో దగ్గర పొద్దున్నే ఎంతమంది వడ్రంగులు నిలబడతారో మీకే తెలుసు.

పంపడానికి పక్క జిల్లాలకైతే ఆర్టీసీ కార్గో బాగుంది, పెట్టె పొడవున్నా ఇబ్బంది లేదు, వాళ్లు బస్టాండ్‌కు వచ్చి తీసుకుంటారు. డబ్బు ముందే వేయించుకోండి. సరుకు అందాక డబ్బు అనే పద్ధతిలో పంపితే కొందరు తీసుకోరు, రానూపోనూ ఛార్జీ మన నెత్తినే పడుతుంది, ఒక నెలంతా నేను ఆ టెన్షన్ పడ్డాను. వీడియోలు తీసి పెట్టండి, మీ చేతులు కనిపించేలా, ముఖం అక్కర్లేదు.

చెన్నైలో పేటెంటు పని
అక్కా, ఒక్క నిమిషం! వీడియో మాట వచ్చింది కాబట్టి పరుగున రాస్తున్నాను. కోదాడ గారూ, ఆ రాడ్ల అమరిక వీడియో ఇప్పటిదాకా ఎక్కడా పెట్టకపోతే ఇంకొన్నాళ్లు పెట్టకండి. మన దేశంలో పేటెంటైనా డిజైన్ రిజిస్ట్రేషనైనా దరఖాస్తు వేయకముందే నలుగురికీ చూపించేస్తే కొత్తదనం పోయినట్టే లెక్క. ఇక్కడ కూడా లోపలి అమరిక ఇంతకంటే వివరంగా రాయకండి.

మామూలు మనిషి ఆన్‌లైన్‌లో పేటెంటు దరఖాస్తు వేస్తే ఫీజు 1,600. ముందు ప్రొవిజినల్, అంటే తాత్కాలిక దరఖాస్తు వేసుకోవచ్చు, పూర్తి వివరాలకు 12 నెలల గడువు దొరుకుతుంది. దరఖాస్తు పరిశీలనకు ఇంకో 4,000. రాసిపెట్టేవాళ్ల ఫీజు వేరే, అదే ఎక్కువ. రెండు తెలుగు రాష్ట్రాలకూ చెన్నై ఆఫీసే. గాడి కొట్టే జిగ్గులు పాతవే కాబట్టి జిగ్గు మొత్తానికి పేటెంటు రావడం కష్టం, తన్నిపెట్టే పద్ధతికి వస్తే రావొచ్చు, ముందు పాత పేటెంట్లు వెతకాలి. ఖర్చు భరించలేకపోతే గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ పెద్ద చదువులు లేని చేతిపనివాళ్ల తరఫున, వాళ్ల పేరు మీదే పేటెంటు వేయిస్తుంది. ఆలేరు అన్న చెప్పిన పల్లె సృజన ద్వారా వెళ్లొచ్చు. పేరుకు ట్రేడ్‌మార్క్ మాత్రం తప్పకుండా వేయండి, చిన్నవాళ్లకు 4,500, పదేళ్లు ఉంటుంది. నకలు వచ్చినా మీ పేరుతో అమ్మలేరు.

కువైట్ కార్పెంటర్
మాది జగిత్యాల దగ్గర, ఇక్కడ డోర్ ఫిట్టింగ్ పనిలోనే ఉన్నా. పేటెంటు విషయంలో ఒక పాత కథ చెప్తా. వర్క్‌మేట్ అనే మడత బల్ల మనలో చాలామంది చూసే ఉంటారు. దాన్ని చేసింది రాన్ హిక్‌మన్, కార్లు డిజైన్ చేసేవాడు. ఇంట్లో అల్మారా చేసుకుంటూ కుర్చీని బల్లలా వాడబోయి కుర్చీనే కోసేశాడట, అక్కడ పుట్టింది ఆ ఆలోచన. పెద్ద కంపెనీలకు చూపిస్తే స్టాన్లీ సహా ఎవరూ తీసుకోలేదు. అప్పుడు తానే చేయించి ఎగ్జిబిషన్లలో నిలబడి అమ్ముకున్నాడు. అమ్మకాలు కనబడ్డాకే 1970ల మొదట్లో బ్లాక్ అండ్ డెక్కర్ వచ్చింది. పేటెంటు చేతిలో ఉంది కాబట్టి రాయల్టీ అడగగలిగాడు. కాబట్టి అన్నా, రెండూ చేయి. దరఖాస్తు వెయ్యి, అమ్మకం మాత్రం దాని కోసం ఆపకు. ఇక్కడ సైట్లలో మనవాళ్లు, మలయాళీలు చాలామంది చేస్తారు ఈ పని, నాలుగైదు నాకే కావాలి. ఇక్కడ బందులు 4 అంగుళాలవి ఎక్కువ, మూలలు గుండ్రంగా ఉంటాయి, బేరింగ్ బిట్‌తో ఉలి పని కూడా ఉండదు.

గుంటూరు ఇంటీరియర్స్
అపార్ట్‌మెంట్ల మాట వెనక్కి తీసుకోను కానీ ఆలేరు తమ్ముడు చెప్పింది ఒప్పుకోవాల్సిందే. నా దగ్గర పాత ఇళ్ల రిపేర్లు చేసే ఇద్దరు ఉన్నారు, వాళ్లకు పనికొస్తుంది. ఒక్కటి మాత్రం చెయ్యకు కోదాడా, ఉన్న పని మానేసి దీని మీద పడకు. లోను తీసుకుని ఒకేసారి వందలు వందలు చేయించి గదిలో పేర్చుకున్నవాళ్లను చూశాను.

కోదాడ వడ్రంగి
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, మనసు నిండిపోయింది. వడ్రంగి పని మానే ప్రసక్తే లేదు గుంటూరు అన్నా, సైట్‌కు పోకపోతే ఇందులో ఏం మార్చాలో నాకెలా తెలుస్తుంది? వీడియో ఎక్కడా పెట్టలేదు, తెలిసిన మేస్త్రీలకు కూడా దరఖాస్తు పడేదాకా ఫొటోలు పంచొద్దని ఈరోజే ఫోన్లు చేశాను. వచ్చే వారం హైదరాబాద్ వెళ్లి పల్లె సృజన వాళ్లను కలుస్తా. ప్లేటు 12 మి.మీ. చేసి బేరింగ్ బిట్‌కు మారుస్తున్నా, బిట్ విడిగానే. ధర 2,400. చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగి పని కూడా ఉంది కదా, 5 శాతం వడ్డీకి మొదట లక్ష దాకా ఇస్తారని విన్నా. దాని మీద హైలం షీట్లు తెచ్చుకోవచ్చా పద్దులు గారూ?

ఖమ్మం పద్దులు
తెచ్చుకోవచ్చు. ముందు వాళ్ల ఐదారు రోజుల ట్రైనింగ్ పూర్తి చేయాలి, ఆ రోజులకు రోజుకు 500 ఇస్తారు, పనిముట్లకు 15,000 వోచర్ విడిగా. కామన్ సర్వీస్ సెంటర్‌లో నమోదు చేసుకో. లక్షా మొత్తం ఒకేసారి షీట్లలో పెట్టకు, ఇరవై ముప్పై జిగ్గులకు సరిపడా తెచ్చుకుని, అవి అమ్మిన డబ్బుతో తర్వాతివి తెచ్చుకో.

పెద్ద మేస్త్రీ, తెనాలి
మొదటి వాటిలో ఒకటి నాకు పంపు, డబ్బు ముందే వేస్తా. ఇక్కడ మా వీధిలో ఎనభై ఏళ్ల ఇల్లు ఒకటి ఉంది, దర్వాజా నాలుగు మూలలూ నాలుగు దిక్కులు చూస్తాయి. దాని మీద పెట్టి చూసి ఎక్కడ జారిందో, ఎంత జారిందో కొలతలతో రాసి పంపిస్తా. ఆ బంతి జాయింటు రబ్బరు మాత్రం ఇంకాస్త వెడల్పు చేయించు.